ముప్పై ఆరో బంతి

మా స్టేషన్ మూతపడి పంతొమ్మిదేళ్లయిందని అందరూ అంటారు. మా నాన్న ఒక్కడే ఒప్పుకోడు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. ఆ స్టేషన్‌కి చివరి మాస్టరు ఆయనే.

మాది ఒంటి లైను, రాకకీ పోకకీ ఒకటే పట్టా. పక్క స్టేషన్ నుంచి బండి కదలాలంటే అక్కడి మాస్టరు డ్రైవరుకి ఒక ఇనుప బంతి ఇవ్వాలి. బండి మా దగ్గరికి వచ్చాక నాన్న ఆ బంతిని స్టేషన్‌లోని మిషన్‌లో వేసి, గంట మీట నొక్కి అక్కడికి కబురు చెప్పాలి. అందాకా బండి ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క. పక్క స్టేషన్ మాస్టరు మా సొంత మేనమామ. బావాబావమరుదులిద్దరూ ముప్పై ఏళ్లు ఆ గంటతోనే మాట్లాడుకున్నారు. టీ తాగావా అని అడగడానికి కూడా వాళ్లకొక గంట ఉండేది.

ఆఖరి బండి వచ్చిన రోజు నాన్న బంతిని మిషన్‌లో వెయ్యలేదు. జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు.

"బండి చేరిందని మీ నాన్న చెప్పందే నేను డ్యూటీ ఎలా దిగుతానే?" అని మావయ్య ప్రతి పెళ్లిలోనూ ఆటపట్టించేవాడు. అందరం నవ్వేవాళ్లం. నాన్న మాత్రం నవ్వేవాడు కాదు.

ఈమధ్య స్టేషన్‌ని మ్యూజియం చేస్తున్నారు. ఆ పని చూసే అమ్మాయి మా ఇంటికొచ్చింది.

"ముప్పై ఆరు బంతులుండాలండీ. ముప్పై అయిదే కనిపిస్తున్నాయి" అంది.

"నాకేం తెలుసు?" అన్నాడు నాన్న గోడవైపు చూస్తూ. ఆ బంతి ఆయన చొక్కాల కింద ఉందని నాకు తెలుసు. బట్టలు మడతపెట్టేది నేనే కదా!

ఆ అమ్మాయి వెళ్లాక నాకు ఒళ్లు మండింది. "మావయ్య మంచాన పడ్డాడు నాన్నా. ఇంకెన్నాళ్లు ఆయన్ని డ్యూటీలో నిలబెడతావు?"

మర్నాడు పొద్దున్నే నాన్న గడ్డం గీసుకుని, పాత కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

స్టేషన్‌లో నాన్న వదిలిన బంతి మిషన్‌లో పడి దొర్లింది. చిన్నప్పుడు ఆ చప్పుడయ్యాకే నాన్న నేను తెచ్చిన క్యారియర్ మూత తీసేవాడు. అది గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన అలవాటు కొద్దీ మీట నొక్కాడు. తీగలు ఎప్పుడో కోసేశారు. నేను మావయ్యకి ఫోన్ కలిపి నాన్న చేతికిచ్చాను.

"బావా, బండి చేరింది."

అవతల నుంచి మావయ్య గొంతు నీరసంగా వినిపించింది.

"క్షేమంగానేనా?"

"క్షేమంగానే. కాస్త లేటయింది."

"సరే. అయితే నేనిక ఇంటికెళ్లొచ్చా?" అన్నాడు మావయ్య, తన ఇంట్లో మంచం మీద నుంచి.

నాన్న మిషన్ మీద చెయ్యి ఆనించుకున్నాడు. "వెళ్లు బావా" అన్నాడు.

ఫోన్ మాత్రం ఇద్దరూ పెట్టలేదు.