చిరిగిన అంగుళం

చొక్కా బొత్తాలను పదేసి చొప్పున కుప్పలు పెడుతున్న మా అమ్మాయిని చూసి మా ఆయన, "ఇది బడికెళ్తోందా, నీ దగ్గర పనికి కుదిరిందా?" అన్నాడు. పక్క గదిలోంచి అత్తగారు నవ్వారు. పన్నెండేళ్లుగా ఆ నవ్వుకు అలవాటు పడ్డాను. అలవాటు పడితే నొప్పి ఉండదని ఎవరైనా అంటే వాళ్లకో దండం.

నేను ఆరో తరగతితో ఆగిపోయాను. తమ్ముణ్ని ఎత్తుకోవడానికి ఇంట్లో ఒక చంక కావలసి వచ్చింది, అది నాదైంది. ఇప్పుడు వంటింటి పక్క సందులో మిషను వేసుకుని చొక్కాలు కుడతాను. బడి నుంచి రాగానే పిల్ల నా కాళ్ల దగ్గర కూర్చుంటుంది. గుడ్డను రెండు మడతలు పెడితే సగం, నాలుగు పెడితే పావు. ఒకసారి కత్తిరిస్తే ఎన్ని ముక్కలొస్తాయో ముందు తను చెప్పాలి, తర్వాతే నేను కత్తెర ఆడిస్తాను. తప్పు చెప్పినా తప్పని అనను. "నీకెందుకలా అనిపించింది?" అని అడుగుతాను. ఆ ప్రశ్న నన్ను పుట్టింట్లో గానీ ఈ ఇంట్లో గానీ ఎవరూ అడగలేదు. అందుకేనేమో, దాన్ని అడిగిన ప్రతిసారీ నాకే ఎవరో పీట వేసినట్టుంటుంది.

ఓ శుక్రవారం పిల్ల కొలతల పరీక్ష కాగితం తెచ్చింది. ఇరవైకి సున్నా. కింద టీచరమ్మ రాసిన చీటీ: సోమవారం తల్లిదండ్రులు రావాలి, పిల్లను మూడో తరగతి నుంచి రెండులోకి దించుతాం. మా ఆయన కాగితాన్ని తన తల్లికి చూపించి, తర్వాత నా ఒళ్లో పడేశాడు. ఆరో తరగతి వాళ్లకు అప్పజెబితే ఇంతకంటే ఏమొస్తుందన్నాడు. సోమవారం సాయంత్రం నుంచి పిల్ల మా బావగారింటికి ట్యూషనుకు వెళ్తుందట. ఆయన దగ్గర బెత్తం ఉంది. బెత్తముంటే బుర్ర అదే పనిచేస్తుందని అత్తగారు వంత పాడారు.

పిల్ల ఎవరూ చెప్పకుండానే బొత్తాలన్నీ డబ్బాలో పోసి మూత బిగించింది. సున్నా కంటే ఆ మూత చప్పుడే నన్ను కోసింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. పిల్ల స్కేలు తీసి మొదటి గీత కొలిచాను. ఏడు. అది ఆరని రాసింది. రెండోది పన్నెండు, పదకొండని రాసింది. మూడోది, నాలుగోది, ఇరవయ్యోదాని దాకా అంతే, ప్రతిదీ ఒకటి తక్కువ. మొద్దు పిల్లయితే తప్పులు తలోదారిన పోతాయి. ఇవి బారులు తీరి నిలబడ్డాయి. అప్పుడు వెలిగింది. నా టేపుకు మొదటి అంగుళం చిరిగిపోయి రెండేళ్లయింది. కొత్తది కొనలేక, "ఎంత చూపిస్తే అందులోంచి ఒకటి తీసెయ్యి" అని దానికి నేర్పింది నేనే. పిచ్చితల్లి కొత్త స్కేలుకూ అదే లెక్క వేసింది.

నవ్వొచ్చింది, అంతలోనే ఆగిపోయింది. నిజం చెబితే ఇంటిల్లిపాదికీ జన్మకు సరిపడా మాట దొరుకుతుంది. చెప్పకపోతే పిల్ల రెండో తరగతిలో కూర్చుంటుంది, ఆ తర్వాత బెత్తం కింద. బేరం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మాటలు పడటం నాకు వచ్చిన పనే.

సోమవారం టీచరమ్మ ముందు ఒకటే కుర్చీ ఉంది. మా ఆయన కూర్చున్నాడు. ఆమె ఆయనతోనే మాట్లాడింది, ఆయన తలూపి ఆడవాళ్ల పెంపకం అన్నాడు. నేను టేపు తీసి బల్ల మీద పెట్టాను.

"తప్పు పిల్లది కాదు టీచర్, నాది. నా టేపుకు మొదటి అంగుళం లేదు. ఒకటి తీసెయ్యమని నేనే నేర్పాను. ఇరవై జవాబులకూ ఒకటి కలిపి చూడండి."

మా ఆయన నా వైపు చూసిన చూపుకు నేను తలొంచుకోలేదు. టీచరమ్మ ఎర్రపెన్నుతో ఒక్కో జవాబూ సరిచూసింది. ఐదోది దాటాక పెన్ను పక్కన పెట్టి, పిల్లను పిలిచి తన చెక్క స్కేలు ఇచ్చి బల్ల అంచు కొలవమంది. నేను ఒక్క మాటే అన్నాను: "కొలిచే ముందు మొదలు చూడమ్మా."

పిల్ల స్కేలు అంచును కంటికి దగ్గరగా పెట్టుకుంది. వేలితో తడిమింది. మెల్లగా అంది:

"టీచర్, మీదీ అరిగిపోయింది. ఒకటి కాదు, అర తీసెయ్యాలి."

టీచరమ్మ స్కేలు లాక్కుని చూసుకుంది, ఇంకో కొత్తదాని పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత సొరుగులో పడేసి, మొదటిసారి నా వైపు తిరిగి, "కూర్చోండమ్మా" అంది. కుర్చీ లేదు. మా ఆయన లేవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చీ రాగానే ఆయన ఫోనందుకున్నాడు. "అన్నయ్యా, టీచర్‌కే తప్పు చూపించిందిరా మనమ్మాయి. అచ్చం నా బుర్రే. ఇక నీ చేతిలో పడితే..." అంటున్నాడు. తడిచేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాను. ఇన్నేళ్లలో బావగారితో నేను నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"అమ్మాయి ట్యూషనుకు రాదు బావగారూ. దాని మేష్టరు ఇంట్లోనే ఉంది."