యాభై ఎక్కువ చూపిస్తుంది

బాయిలరు మామ అని మిల్లులో అందరూ పిలిచే ఆ మనిషికి ఇరవై రెండేళ్ళుగా ఆవిరితోనే కాపురం. అద్దకం మిల్లులో బాయిలర్లు రెండు. జోడీగా పనిచేసేవాడు మానేసి నాలుగు నెలలైంది. ఇంకో మనిషిని ఇవ్వమని అడిగితే మేనేజరు "చూద్దాం" అన్నాడు. పాపం, చూస్తూనే ఉన్నాడు.

ఈలోగా మామకి నిద్ర పట్టడం మానేసి మెడ పట్టేసింది. ఆకలి చచ్చి కోపం పుట్టింది. పగలంతా తెలియకుండానే పళ్ళు కొరికి, అన్నం దగ్గరికొచ్చేసరికి కొరకడానికి దవడ లేవదు. చెవిలో సన్నగా ఈల మొదలైంది. ఎక్కడో ఆవిరి కారుతోందని రెండుసార్లు పైపులన్నీ తడిమి చూశాడు. కారేది పైపులో కాదు.

మిల్లు నర్సు చూసి, "రోజూ కాసేపు నడవండి. ఉప్పు తగ్గించండి. పనిలో మధ్యమధ్య ఆగి నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అంది.

"ఊపిరికి ఆగితే మేనేజరు దానికీ సెలవుచీటీ అడుగుతాడమ్మా!" అన్నాడు మామ. నర్సు నవ్వలేదు.

బట్టలు కుట్టే భార్య, నర్సు మాట విని బీపీ మిషను కొనుక్కొచ్చింది. మొదటిరోజే నూట అరవై అంది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, జేబులోంచి ఎర్ర చీటీ తీసి అంటించాడు: 'ఇరవై ఎక్కువ చూపిస్తుంది.' బాయిలరు గదిలో అదే పద్ధతి. ముల్లు తప్పు చూపే మీటరుకి, కొత్తది వచ్చేదాకా, ఎంత తప్పో చీటీ మీద రాసి అంటిస్తారు. అందరూ అంత తీసేసుకుని చదువుకుంటారు.

నెల తిరిగేసరికి చీటీ మీద ఇరవై కొట్టేసి ముప్పై, ముప్పై కొట్టేసి యాభై అయింది.

"మిషను పాడవుతోందా, మీరా?" అంది భార్య.

"నేనైతే తెలియదూ?"

"బాయిలరుకి రోజూ వాల్వు ఎత్తి ఆవిరి వదులుతారుగా. మరి మీకేదీ వాల్వు?"

"ఇదిగో, నా నోరే!" అని పగలబడి నవ్వి, మెడ పట్టుకున్నాడు.

ఆ పొద్దున నూట తొంభై ఎనిమిది వచ్చింది. "యాభై తీసెయ్యి. నిక్షేపంలా ఉన్నా" అంటూ చొక్కా అందుకున్నాడు మామ.

భార్య మిషను పట్టీ తన చేతికి చుట్టుకుని మీట నొక్కింది. మిషను గుర్రుమని ఊది, దిగి, ఆగింది. నూట పదహారు.

"తీసెయ్యండి యాభై."

మామ పెదాలు కదిలాయి, లెక్క బయటికి రాలేదు.

"అరవై ఆరు. అరవై ఆరుతో నేను నిలబడి మీతో పోట్లాడతానా?"

మీటరు మీద అనుమానమొస్తే దాన్ని ఇంకో ఆవిరి లైనుకి పెట్టి చూడాలి. మిల్లులో కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆ మాట నూరిపోసింది మామే. నెల రోజులుగా ఇంట్లో ఆ ఇంకో లైను ఎదురుగా కూర్చుని బట్టలు కుడుతూనే ఉంది.

చీటీ పీకేద్దామని ఎడమచెయ్యి చాచాడు. వేళ్ళు చీటీ దాకా వెళ్ళాయి గానీ దాని అంచు పట్టలేకపోయాయి. జారాయి. మళ్ళీ జారాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" భార్య గొంతు మారిపోయింది.

"ఇప్పుడే... పొద్దున లేచినప్పుడు కాస్త మొద్దుబారింది. ఒత్తుకుని పడుకున్నాననుకున్నా."

ఆవిడ గబగబా ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది. మిల్లు సైరను మోగింది. అక్కడ రెండు బాయిలర్లూ మంట మీద ఉన్నాయి. రాత్రి డ్యూటీవాళ్ళు దిగిపోతే పక్కన మనిషి లేడు. మామ కుడిచేత్తో ఫోను తీసి మేనేజరుకి కలిపాడు. నాలుగు నెలలుగా గొంతులో అడ్డంపడ్డ మాట అనేశాడు: "మంటలు ఆపించండి. నేను రావడం లేదు."

అవతల మేనేజరు నవ్వాడు. "ఏంటి మామా, పొద్దున్నే జోకులా? నోట్లో ఏదో కుక్కుకుని మాట్లాడితే ఏం అర్థమవుతుంది? మింగేసి చెప్పు."

మామ నాలుకతో బుగ్గలు తడిమి చూసుకున్నాడు. నోట్లో ఏమీ లేదు.