గేటుకు వీపు తిప్పిన పూలు

ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. మీ అమ్మ స్నానానికి వెళ్ళింది, వచ్చేలోపు చెప్పేస్తాను. తను ఉంటే మాటమాటకీ "అలా కాదమ్మా" అని అడ్డొస్తుంది.

నువ్వప్పటికి పుట్టలేదు. మీ అమ్మ ఊరి చివర నూనెగింజల పరిశోధన కేంద్రంలో పనిచేసేది. పనంతా పొద్దుతిరుగుడు పంట మీదే. ఆ పువ్వు మొగ్గగా ఉన్నప్పుడు సూర్యుడి వెంట తల ఎందుకు తిప్పుతుంది, పూర్తిగా విచ్చుకున్నాక ఒక్క తూర్పుకే ముఖం పెట్టి ఎందుకు ఉండిపోతుంది అని ఏళ్ళ తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని డాక్టరేట్ తెచ్చుకుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకో, ముందుముందు పనికొస్తుంది.

ఆ ఏడాది దేశదేశాల పొద్దుతిరుగుడు శాస్త్రవేత్తలందరికీ ఒక మహాసభ జరపాలన్నారు. అలాంటివి ఎప్పుడూ రాజధానిలోనే. మీ అమ్మేమో మన ఊళ్ళో జరపాలని పట్టుబట్టింది. రాజధాని ఆఫీసరు నవ్వి, "మీ ఊళ్ళో లిఫ్టున్న హోటలైనా ఉందామ్మా?" అన్నాడట. ఉన్న ఒక్క లిఫ్టూ ఆసుపత్రిది. "పంట లిఫ్టులో పండదు సార్, మా చేలో పండుతుంది" అనేసి వచ్చింది. నోరు ముందు, ఆలోచన తర్వాత. అది వాళ్ళ నాయనమ్మ పోలిక, నాది కాదు.

చివరికి, ఆ శాస్త్రవేత్తల సంఘం అధ్యక్షురాలే విదేశం నుంచి వచ్చి ఊరు చూస్తుందనీ, ఆవిడ సరేనంటే సభ ఇక్కడ, కాదంటే రాజధానిలోననీ తేలింది. ఇక మీ అమ్మకు నిద్ర లేదు, మాకు మనశ్శాంతి లేదు. తింటూ తింటూ మరుగుదొడ్ల సంగతి ఎత్తేది.

"కనీసం ముద్ద మింగనివ్వవే! మన పెళ్ళికి కూడా ఇంత హడావిడి పడలేదు నువ్వు" అనేవాడు మీ నాన్న.

"మీరేమైనా విదేశాల నుంచి వచ్చారా? వెనక వీధిలోంచి వచ్చారు" అనేది మీ అమ్మ.

కేంద్రంలో ఒక పొద్దుతిరుగుడు చేను ప్రత్యేకంగా అతిథుల కోసమే వేయించింది. చేనుకు పడమటి పక్క రోడ్డు. తూర్పు పక్క ట్రాక్టర్ల షెడ్డు, ఒక ఇరుకు సందు, సిబ్బంది బట్టలారేసుకునే తాళ్ళు. రోజూ సాయంత్రం పని ముగించుకుని రోడ్డు వైపు నిలబడి చూసుకునేది. ఒకరోజు పందిళ్ళు వేసే షామియానా ఆయన్నీ వెంటబెట్టుకెళ్ళింది. సాయంత్రం కదా, మొగ్గలన్నీ పడమటికి తిరిగి ఉన్నాయి.

"చూశారా, అన్నీ మనవైపే చూస్తున్నాయి! స్వాగతం గేటు ఇక్కడే కట్టండి" అంది.

"అలాగే మేడమ్. వీటి సంగతి మీకు తెలియనిదేముంది!" అన్నాడాయన.

అధ్యక్షురాలు వచ్చే రోజు ఉదయం ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెళ్ళాను. నీలం గుడ్డ చుట్టిన గేటు, మీద పెద్ద అక్షరాలు. పూలన్నీ విరబూశాయి. కానీ గేటు ముందు నిలబడితే ఒక్క పువ్వు ముఖం కనబడితే ఒట్టు! అన్నీ ఆకుపచ్చ వీపులే. పెళ్ళిలో అలిగిన బంధువుల్లా మెడలు వంచుకుని అటు తిరిగి నిలబడ్డాయి.

మీ అమ్మ నిలువునా కొయ్యబారిపోయింది.

"ఏమోయ్, నీ డాక్టరేట్ దేని మీదో ఒక్కసారి చెప్పవూ?" అన్నాడు మీ నాన్న.

"ఇప్పుడు కాదండీ!" అంది. కళ్ళలో నీళ్ళు. మీ నాన్న నవ్వు ఆపేశాడు.

షామియానా ఆయన తల గోక్కుంటూ, "గేటు విప్పి అటు కట్టాలంటే సాయంత్రమవుతుంది మేడమ్. పోనీ, పూలను ఇటు తిప్పి కట్టేయమంటారా?" అన్నాడు.

మీ అమ్మ ఆయన వంక ఒక చూపు చూసి, ఫోను తీసి డ్రైవర్‌తో, "వెనక సందులోంచి తీసుకురా" అని చెప్పింది. అప్పుడు మా పరుగు చూడాలి! తాళ్ళ మీది బట్టలు లాగేశాం. మీ నాన్న చేతులనిండా ఎవరివో తడి ప్యాంట్లు. దాచే చోటు దొరక్కముందే కారు వచ్చేసింది. పాపం, ఆవిడ దిగి చెయ్యి చాపితే మీ నాన్న మోచెయ్యి అందించాడు!

ఆవిడ వెంట ఆ లిఫ్టు ఆఫీసరు కూడా దిగాడు. ఆవిడ మాత్రం చేను చూసి అక్కడే నిలబడిపోయింది. పూలన్నీ ఆవిడ ముఖంలోకే చూస్తున్నాయి మరి. కాసేపటికి ఆవిడ చూపు పూల మీదుగా అవతలికి పోయింది. వాళ్ళ భాషలో ఏదో అడిగింది.

"ఆ గేటు అటెందుకుందీ అంటోంది అత్తయ్యా" అని మీ నాన్న నా చెవిలో చెప్పాడు.

"వేరే ఎవరిదో ఫంక్షన్‌దని చెప్పేయండి మేడమ్" అని షామియానా ఆయన గొణిగాడు.

మీ అమ్మ అబద్ధమాడలేదు. "మీ కోసమే కట్టించాను. రోజూ సాయంత్రం మొగ్గలను చూసి మురిసిపోయాను. విచ్చుకున్నాక ఎటు తిరుగుతాయో తోచనే లేదు" అంది.

ఆవిడ మీ అమ్మ వంక చూసింది, గేటు వంక చూసింది. ట్రాక్టర్ చక్రం పట్టుకుని ఒకటే నవ్వు! తనూ ఒకసారి వంటింటి కిటికీ ముందు పొద్దుతిరుగుడు వేసిందట. తీరా పూశాక వీపులు తనకు, ముఖాలు పక్కింటావిడకు! ఆ పక్కింటావిడకు ఈవిడ చదువు సంగతి తెలుసు కాబట్టి, రోజూ గోడ మీదుగా తలెత్తి మరీ థాంక్స్ చెప్పేదట.

"సభ ఇక్కడే. గేటు మాత్రం కదపొద్దు. మా వాళ్ళందరినీ అటువైపు నుంచే తీసుకురండి. వాళ్ళ ముఖాలు నేను చూడాలి" అందట.

అన్నట్టే జరిగింది. సభ సమయానికి అదే చేలో మళ్ళీ వేసి పూయించారు. వచ్చినవాళ్ళంతా గేటు దగ్గర ఆగి, వీపులు చూసి, విచ్చిన పువ్వు తూర్పుకే తిరుగుతుందని చూపించడానికే ఇలా కట్టారనుకుని, ఆహా ఎంత చక్కటి ఆలోచన అని మెచ్చుకున్నారు. మీ అమ్మ కిమ్మనలేదు. ఆ ఆలోచన తనదేనని షామియానా ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆఫీసరుగారికి మాత్రం హోటల్లో పై అంతస్తు గది ఇప్పించింది మీ అమ్మ. ఆయన పెట్టె మోసుకుంటూ మెట్లెక్కడం నేను కళ్ళారా చూశాను.

అదుగో, గడియ తీసిన చప్పుడు. ఇదంతా మనసులో పెట్టుకుని రేపు నీ పిల్లలకూ చెప్పు. తడి ప్యాంట్ల సంగతి మాత్రం వదలకు. మీ అమ్మ వింటోందనుకో, గేటు కావాలనే అటు కట్టించిందని చెప్పు. కాస్త పెద్దగానే చెప్పు.