గాలి పోయే తొవ్వ

“ఇంట్ల గిన్నెలు సదురుడు రాదు గానీ, కంటైనర్ సదురుడు నాకు నేర్పుతాందిరా!” అన్నాడు మా ఆయన. హమాలీలందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అదీ నా ఖర్మ. పదిమందిలో మొగుడు పరువు తీస్తుంటే నవ్వకపోతే, మొఖం మాడ్చుకున్నానని ఇంటికొచ్చాక ఇంకో పంచాయితీ.

కట్టంగూర్ దాటాక హైవే పక్కనున్న బత్తాయి ప్యాక్‌హౌస్‌లో నేను క్వాలిటీ ఇన్‌ఛార్జిని. మా ఆయన విజేందర్ అక్కడే లోడింగ్ మేస్త్రీ. నేను బీఎస్సీ చదివి, హైదరాబాద్‌లో ట్రైనింగ్ తీసుకుని, ఇంటర్వ్యూకు పోయి తెచ్చుకున్న ఉద్యోగం ఇది. ఊళ్లో మాత్రం “మా స్వర్ణను నేనే పెట్టిచ్చిన” అని చెప్పుకుంటాడు.

ఆ రోజు దుబాయ్‌కి పోయే ఏసీ కంటైనర్ వచ్చి నిలబడింది. దాని నేల మన ఇంటి నేలలా చదునుగా ఉండదు, పొడుగునా గాడులుంటాయి. ముందున్న మిషన్ వదిలే చల్లగాలి ఆ గాడుల్లోంచి వెనక తలుపుల దాకా పోవాలి. పోతూ పోతూ పెట్టెల కన్నాల్లోంచి పైకి లేచి, కప్పు కిందుగా మళ్లీ మిషన్‌కు చేరాలి. అప్పుడే అన్ని కాయలకూ ఒకే తీరు చలువ. విజేందర్ ఆ గాడుల మీద మోపులకొద్దీ వరిగడ్డి పరిపించాడు. లారీలో బత్తాయి పోసేటప్పుడు కింద గడ్డి పరవడం మా దిక్కు అలవాటే, కాయ నలగదు. కానీ ఇది లారీ కాదు. కాయలు కూడా పోసినవి కావు, అట్టపెట్టెల్లో సర్దినవి.

“గడ్డి తీపియ్యి. గాలి ఎనుకదాంక పోదు, తలుపులకాడి కాయ ఉడుకుతది” అన్నాను.

“మా నాయిన కాలం సంది గడ్డి లేకుంట బత్తాయి బండెక్కలే” అన్నాడు. ఆ తర్వాతే ఆ గిన్నెల మాట, ఆ నవ్వులు.

ఊరుకోలేక మేనేజర్ సారు దగ్గరికి పోయాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, “మొగుడు పెండ్లాల పంచాయితీ ఇంట్ల సూసుకోండమ్మా” అన్నాడు. ఇద్దరు మగవాళ్లు వాదులాడుకుంటే అది పని. నేను నోరు తెరిస్తే అది సంసారం! బయటికొచ్చేసరికి తలుపులు మూసి సీలు వేసేశారు.

డ్యూటీ నుంచి ఇద్దరం ఒకే బండి మీద ఇంటికొస్తాం. దిగగానే ఆయన అలిసిపోతాడు. నేను అలిసిపోను, వెనక కూర్చునే కదా వచ్చాను! “నీది నీడపట్టు కొలువు బిడ్డా, వాడు ఎండల సస్తడు” అంటుంది మా అత్తమ్మ నర్సింగమ్మ. కూలర్ ముందుగదిలో, ఆయన మంచానికి ఎదురుగా ఉంటుంది. వంటింటికి ఉన్నది ఒకే కిటికీ, దానికి అడ్డంగా బయట బర్రెకు వేసే గడ్డివామి. పెళ్లయిన కొత్తలో జరపమని అడిగాను. “గోడ పక్కకు సూరు కింద ఉంటే వానకు తడవదు” అన్నది అత్తమ్మ. నిజమే, గడ్డి తడిస్తే బర్రెకు తిండి కష్టం. నేను చెమటతో తడిస్తే ఎవరికి కష్టం? మళ్లీ మళ్లీ అడిగితే “బీఎస్సీ మేడానికి ఏసీ కావాల్నట” అని చుట్టాల ముందు ఎగతాళి చేశారు. అడగడం మానేశాను. ఎండాకాలం జొన్నరొట్టెలు కొడుతుంటే కళ్లు బైర్లు కమ్మేవి. గోడ పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ పిండి అందుకునేదాన్ని.

పదిహేను రోజులకు ఆ కంటైనర్‌ను దుబాయ్‌లో తెరిచారు. మిషన్ పక్కనున్న పెట్టెలు నిక్షేపంలా ఉన్నాయట. తలుపుల దగ్గరివి బూజుపట్టి కారిపోతున్నాయట. తెల్లారి ఓనర్ వచ్చి అందరినీ అడుగుతాడని కబురొచ్చింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడితే వెనక నుంచి గాలి తగిలింది. తిరిగి చూస్తే విజేందర్ కూలర్‌ను వంటింటి వైపు తిప్పుతున్నాడు. “జర సల్లగుంటదని” అన్నాడు. ఛీ, నా బుద్ధి! ఆ ఒక్క మాటకే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆయన గడప మీద కూర్చున్నాడు. “రేపు సారు అడిగితే, కాయ తడి ఆరకముందే ప్యాక్ చేసినమని చెప్పు స్వర్ణా.”

“కాయ ఆరింది గదా? గడ్డి ఏసింది నువ్వు గదా?”

“నువ్వు ఆడదానివి, ఓ మాటంటరు, ఊకుంటరు. నా మేస్త్రీతనం పోతే హమాలీల ముంగట నా ఇజ్జతేం గావాలె?”

“కాయ కడిగి తుడిచేది మెహరాజ్ వాళ్లు. వాళ్లను పనిలకెళ్లి తీసేస్తరు.”

“తీసేస్తే ఇంకోకాడికి పోతరు. నీకెందుకు ఫికర్?”

అత్తమ్మ అందుకుంది. “మొగోని ఇజ్జతే ఇంటి ఇజ్జత్ బిడ్డా. ఒక్క మాట. నీదేం పోతది?”

నాదేం పోతుంది! ఆ మాట చెబితే మళ్లీ ఏ ప్యాక్‌హౌస్ వాళ్లూ నన్ను గడప తొక్కనివ్వరు. మెహరాజ్ ప్రతి కాయనూ పసిపిల్ల మొఖం తుడిచినట్టు తుడుస్తుంది. సద్ది విప్పితే “తీస్కో స్వర్ణక్కా” అని ముందు నాకే పెడుతుంది. ఆ చేతుల మీద నేను అబద్ధం వేయాలి. కూలర్ మోగుతూనే ఉంది, నాకు మాత్రం చెమట ఆరడం లేదు. కూలర్ తడిగాలికి వంటింట్లో ఇంకా ఉక్కపోసింది. చల్లగాలి రావాలంటే వేడిగాలి పోవడానికి దారుండాలి. కిటికీకి గడ్డి అడ్డం పెట్టి కూలర్ ఎటు తిప్పితే ఏం లాభం? నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏమీ అనకుండా రొట్టె తిరగేశాను. ఒప్పుకున్నాననుకున్నారు. నేను మాట్లాడకపోతే ఎప్పుడూ అట్లాగే అనుకుంటారు.

తెల్లారి ఓనర్ గదిలో అందరం నిలబడ్డాం. మెహరాజ్ తలుపు దగ్గర చున్నీ కొస నలుపుతూ ఉంది. “తడికాయ ప్యాక్ చేసిండ్రనుకుంట సార్” అన్నాడు మేనేజర్. విజేందర్ నా వైపు చూసి దగ్గాడు.

“ఏమ్మా?” అన్నాడు ఓనర్.

“కాయ ఆరినంకనే ప్యాక్ చేసినం సార్. కింద గడ్డి ఏసిండ్రు, గాలి ఎనుకకు పోలే. ఏసింది మా ఆయన. నేను వద్దన్న.”

“మరి అప్పుడే మేనేజర్‌కు ఎందుకు చెప్పలే?”

“చెప్పిన సార్. మొగుడు పెండ్లాల పంచాయితీ ఇంట్ల సూసుకొమ్మన్నరు.”

గదిలో ఎవరూ నవ్వలేదు.

మెహరాజ్ పని నిలబడింది. విజేందర్ మేస్త్రీతనం పోయింది, రేపటి నుంచి ఇంకొకరి కింద మోయాలి. మేనేజర్‌కు ఏమీ కాలేదు, కానే కాదు. నన్ను మాత్రం ఓనర్ పక్కకు పిలిచి, “మేం పిలిచేదాంక నువ్వు ఇంటికాడనే ఉండమ్మా. మీ కొట్లాట ఈడికి తేవద్దు” అన్నాడు. విజేందర్ నన్ను ఎక్కించుకోకుండానే బండి తీసుకుని పోయాడు. నేను ఆటో ఎక్కి వచ్చాను.

ఇంట్లో కూలర్ మళ్లీ ఆయన మంచం వైపు తిరిగి ఉంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్తమ్మ వాకిట్లోనే తిట్లందుకుంది. “కట్టుకున్నోన్ని బజార్ల నిలబెడితివి గదనే! నీ నోట్లె మన్నువడ!”

నేను ఇంటి వెనక్కి పోయాను. కొంగు నడుముకు చుట్టుకుని, వామిలోంచి గడ్డి గుంజడం మొదలుపెట్టాను. దుమ్ము రేగింది, చేతులు గీరుకున్నాయి. మోపు తర్వాత మోపు పెరట్లోకి విసిరేస్తుంటే కిటికీ చువ్వలు బయటపడ్డాయి.

అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. “ఓసినీ, నీకేమన్న పిచ్చిలేసిందానే? వానొస్తే గడ్డంత తడుస్తది!”

“తడవనీ అత్తమ్మా. ఇన్నేండ్లు నేను తడవలేదా?”