నా వీపున రాసిన ముప్పై ఆరు పేర్లు

నేను ఒక రేకు బోర్డుని. విజయనగరం వైపు ఒక చిన్న స్టేషన్లో, గూడ్సు షెడ్డు గోడకి ఇరవై రెండేళ్లు వేలాడాను. అంతకుముందు తారు పీపాని. రోడ్డు పని అయిపోయాక నన్ను చీల్చి, సుత్తితో సాపు చేసి, పెయింటరు సింహాచలం ఎర్రరంగు పూశాడు. ముఖాన తెల్లటి అక్షరాలతో 'గూడ్సు షెడ్డు ముఠా కార్మికుల సంఘం' అని రాశాడు. ముఠా అనగానే మొహం చిట్లించకండి. కలిసి బస్తాలు మోసే జట్టుని అక్కడ ముఠా అనే అంటారు.

నా వీపున ముప్పై ఆరు పేర్లు రాశాడు. ఆ వరస అందరికీ నోటికి వచ్చాక నా వీపు గోడకి తిప్పి తగిలించారు. వ్యాగన్ వస్తే ఆ వరసలోనే బస్తా ఎత్తాలి. ఎవడైనా దెబ్బ తగిలి మంచాన పడితే, అతని కింద పేరున్నవాడు తన బస్తాతో పాటు అతని బస్తా కూడా మోస్తాడు. వాడు మోయకపోతే ఆ కిందివాడు. పడ్డవాడు లేచి వచ్చేదాకా అతని చోటు అతనిదే. వంతు మోసేవాడు లేక మూడు నెలలు గడిస్తే మాత్రం పేరు కొట్టేసి కొత్తవాణ్ణి పెట్టుకుంటారు. నేను చూసినంతలో మనుషులు చేసిన తెలివైన పని ఇదొక్కటే. తెలివితక్కువ పనులన్నీ నా ముఖాన చేశారు.

సంఘం ఎందుకు చీలిందో చెబితే మీరు నమ్మరు. ఒక మేడే నాడు జెండా తాడు ముడిపడింది. ప్రెసిడెంటు సూర్నారాయణ ఒక కొస లాగాడు, సెక్రటరీ నర్సింగరావు రెండో కొస లాగాడు. జెండా సగంలో ఆగిపోయింది. ముడి విప్పడానికి ఐదు నిమిషాలు చాలు. వాళ్లు ఆరేళ్లు కొట్టుకున్నారు.

మర్నాడే సూర్నారాయణ సింహాచలాన్ని పిలిపించి, సంఘం పేరుకి ముందు 'అసలు' అని చేర్పించాడు. వారం తిరక్కుండా నర్సింగరావు అది చెరిపించి 'ఐక్య' అని రాయించాడు. విడిపోయినవాళ్లు ముందుగా వెతుక్కునే మాట అదే కాబోలు. తర్వాత 'నిజమైన' వచ్చింది, 'సమైక్య' వచ్చింది. సింహాచలం ఎవరు పిలిచినా వచ్చేవాడు. చివరికి విసుగొచ్చి ఆ మొదటి మాట ఒక్కటీ సుద్దతో రాయడం మొదలుపెట్టాడు. ఆ చుట్టుపక్కల బుర్ర ఉన్నవాడు అతనొక్కడే.

ఇక మైకు దొరికితే వాళ్ల నోళ్లకి అడ్డు లేదు. సూర్నారాయణ అవతలివాళ్లని 'చీలిక వర్గం' అన్నాడు. నర్సింగరావు ఇవతలివాళ్లని 'తొత్తుల ముఠా' అన్నాడు. పొద్దున లేస్తే తనకి అన్నం పెట్టే మాటనే తిట్టు చేసి పారేశాడు మహానుభావుడు! తనది వర్గమని ఒప్పుకున్నవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఎదుటివాడిదే వర్గం, తనది సంఘం. అటు ముగ్గురు చేరి టీ తాగితే కుట్ర, ఇటు ముగ్గురు చేరి తాగితే కార్యవర్గ సమావేశం.

ఈ గొడవలో ఏ పక్కకీ పోనివాడు పైడయ్య. వ్యాగన్ ఎక్కడ ఆగితే అక్కడ నిలబడేవాడు. ఒకనాడు సిమెంటు బస్తాల దొంతర జారి అతని మోకాలి మీద పడి ఎముక విరిగింది. అప్పటికి రెండు వర్గాలూ ఎవరి వరస వాళ్లు కాగితాల మీద రాసుకున్నారు. పైడయ్య పేరు ఏ కాగితంలోనూ లేదు. వంతు మోసేవాడు లేకుండా రెండు నెలలు గడిచాయి. అతని భార్య అసిరమ్మ షెడ్డుకి వచ్చి సూర్నారాయణ ముందు నిలబడింది.

"మీ ఆయన ఎవుల వేపున్నాడే?" అని అడిగాడు సూర్నారాయణ.

"మా ఇంటాయన బస్తా కింద ఉన్నాడు బాబూ. ఆ బస్తా ఏ వేపుదో నాను సూణ్ణేదు."

ఆమె అక్కణ్ణుంచి నర్సింగరావు దగ్గరికి వెళ్లింది. "ముందల ఆ వర్గపోల్ల కాడికెల్లి, ఇప్పుడు మా కాడికొచ్చినావేటమ్మా?" అని మొహం తిప్పుకున్నాడు ఆయన. నా మేకులు కాస్త వదులైతే ఆ ఇద్దరి నెత్తి మీదా పడి ఉండేదాన్ని. అంత కోపం వచ్చింది నాకు.

మూడు నెలలు నిండడానికి ఒక్కరోజే మిగిలింది. ఆ పొద్దున ఎరువుల బస్తాలతో వ్యాగన్లు వచ్చాయి. రెండు వర్గాలూ షెడ్డులోనే ఉన్నాయి. అసిరమ్మ బల్ల ఎక్కి, నన్ను దించి, వెనక్కి తిప్పి గోడకి ఆనించింది. నా మీద పేర్లు రాసిన నాడు రంగు డబ్బా పట్టుకున్నది పైడయ్యే. ఆ ముచ్చట ఇంట్లో చెప్పుకున్నాడు. ఆరేళ్లు నా ముఖం కోసం కొట్టుకున్న పెద్దమనుషులకి మాత్రం నాకొక వీపుందని గుర్తే లేదు.

"సదవండి బాబూ. మా ఇంటాయన కింద ఎవుల పేరుందో సదవండి," అంది.

ఎనిమిదో పేరు నర్సింగరావుది. తొమ్మిది పైడయ్య. పదోది సూర్నారాయణ. అందరూ అతని వైపు చూశారు. ప్రెసిడెంటు అయ్యాక ఆ భుజం మీదికి కండువా తప్ప బస్తా ఎక్కలేదు. "ఇది పాత సంఘం జాబితా. ఇప్పుడు సెల్లదు," అన్నాడు గొంతు సవరించుకుని. "అవును, సెల్లదు," అన్నాడు నర్సింగరావు వెంటనే. తన పేరూ అక్కడే ఉంది కదా, రేపు ఎవడి బస్తా తన నెత్తికి వస్తుందోనని భయం. ఆరేళ్లలో వాళ్లు ఒక మాట మీద నిలబడింది అప్పుడే. నా ముఖాన అన్నాళ్లు 'ఐక్య' అని మోసినందుకు సిగ్గేసింది.

పదకొండో పేరు సన్నాసిది. నర్సింగరావు వర్గంలో తిరిగేవాడు. పైడయ్యతో పెద్దగా స్నేహం కూడా లేదు. "కిందోడు మొయ్యకపోతే ఆ కిందోడే గదా మొయ్యాల," అని తలగుడ్డ బిగించాడు. తన బస్తా దించి వచ్చి, పైడయ్య బస్తాకి వీపు ఒగ్గాడు. ఇంకో నాలుగు నెలలు అలాగే మోశాడు. తర్వాత పైడయ్య కుంటుకుంటూ వచ్చి తన చోట నిలబడ్డాడు.

అతను తిరిగొచ్చిన వారమే వర్గానికొకటి చొప్పున రెండు కరపత్రాలు వచ్చాయి. పైడయ్య తమవాడేనని, అతని వంతు మోయించింది తామేనని రెండింటిలోనూ ఉంది. సన్నాసి పేరు రెండింటిలోనూ లేదు.

ఆ తర్వాత రెండు వర్గాలూ చెరో ఫ్లెక్సీ కట్టుకుని నన్ను చెత్తలో పారేశాయి. అసిరమ్మ నన్ను తీసుకెళ్లి మేకల పాకకి కప్పుగా వేసింది. ముఖం వానకి, వీపు లోపలికి. సుద్దతో రాసిన మాట మొదటి జల్లుకే కొట్టుకుపోయింది. పైడయ్యకి చదువు రాదు. మేకలకి ఆకు వేయడానికి వచ్చినప్పుడల్లా తలెత్తి, వేలితో పైనుంచి ఒక్కో పేరే లెక్కపెట్టుకుంటూ వస్తాడు. పదకొండో పేరు దగ్గర ఆగుతాడు.