పెత్రమాస బియ్యం

పెత్రమాస నాడు మా సిద్దిపేటలో పొద్దున పోయినవాళ్ల పండుగ, సాయంత్రం ఆడవాళ్ల పండుగ. పొద్దున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చి ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు చెబుతాం. సాయంత్రం బతుకమ్మ ఎత్తుకుంటాం. నా మనసంతా సాయంత్రం మీదే ఉంది. భివండీ బట్టల మిల్లులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మా ఆయన మహేశ్ దసరాకు వస్తాడని కొత్త చీర కూడా తీసిపెట్టుకున్నాను. ఉగాది తర్వాత మనిషి రాలేదు. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేవాడు. మగవాళ్లకు పండుగ దగ్గర పడితే గానీ ఇల్లు గుర్తుకురాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గుడి అరుగు మీద అయ్యగారు కూర్చున్నారు. మా మామ సిద్ధయ్య చేటలో బియ్యం పట్టుకుని తండ్రి పేరు చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు. నేను పక్కన గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డాను.

"ఇంకెవరన్న ఉన్నరా?" అన్నారు అయ్యగారు.

"మహేశ్," అన్నాడు మామ, బియ్యం కుప్పలో పోస్తూ.

గుమ్మడికాయ నా చేతుల్లోంచి జారి మెట్టు మీద పగిలింది.

"ఎప్పుడు పోయిండు? నాకెందుకు చెప్పలే?" అని అరిచాను. వరసలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. అత్త స్వరాజ్యం నోట్లో కొంగు కుక్కుకుంది.

"పోలేదు నవనీతా. గాడ భివండీలనే ఉన్నడు," అన్నాడు మామ. "ఇంకోదాన్ని జేసుకున్నడు. పోయిన నెల పిల్ల పుట్టింది. నీ కొంప ముంచినోడు నా ఇంటికి సచ్చినోడే బిడ్డా. గందుకే దేవుని ముందట జెప్పిన."

నాకు గొప్ప న్యాయం చేశాననే అనుకున్నాడు పాపం. బతికున్నాడన్న సంతోషమే నాకు ముందు కలిగింది, సిగ్గులేని సంతోషం. ఆ వెంటనే ఒళ్లు భగ్గుమంది. పిల్ల పుట్టిందట! ఇంట్లో అందరికీ ముందే తెలుసన్నమాట! అంతలో వరసలోని ముసలామె ఒకతె నా బొట్టు వంక చూసి చప్పున తల తిప్పుకుంది. ఆమె కళ్లకు నేనప్పుడే విధవనైపోయాను.

"మామా, కొడుకు సచ్చిండని బియ్యమిస్తివి. మరి నా బొట్టు ఎవరు తుడుస్తరు? నువ్వా, అత్తనా? పొద్దుగూకినంక బతుకమ్మ కాడ నన్ను యాడ నిలబడమంటవ్?"

మామ కొడుకును చంపేశాడు గానీ, ఆ చావు ఎవరి నెత్తిన పడుతుందో ఆయనకు తట్టనే లేదు.

నేను వంగి కుప్పలోంచి పిడికెడు బియ్యం తీసుకున్నాను.

"అయ్యో, పెద్దలకిచ్చినవి మల్ల తీసుకోవద్దమ్మా!" అన్నారు అయ్యగారు.

"గివి పెద్దలయి గావు అయ్యగారూ. ఆయన సావలే. నన్ను ఇడిసిపెట్టిండు. గంతే."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అనిపించింది. ఇల్లు చేరేదాకా పిడికిలి విప్పలేదు. వాకిట్లో కోళ్లకు చల్లేశాను.

పొద్దు వాలాక మామ, ముందురోజు తాను కోసుకొచ్చి నీళ్లలో ఉంచిన తంగేడు పువ్వు తెచ్చి నా ముందు పెట్టాడు. బతుకమ్మ పేర్చాక అద్దం ముందు కూర్చుని బొట్టు ఎప్పటికన్నా పెద్దగా దిద్దుకున్నాను.

"ఎవ్వని కోసమే ఇంకా గా బొట్టు?" అంది అత్త ఏడుస్తూ.

"నా కోసమే అత్తా," అని బతుకమ్మ ఎత్తుకున్నాను.