గాజుపెట్టెలో మా అమ్మ

మా ఇంటి బేస్‌మెంట్‌లో బట్టలుతికే మిషన్‌కి ఒక మూల దక్కింది. మిగతా మూడు మూలలూ, నడిమి జాగా, మెట్ల కింది చీకటి అన్నీ మా ఆయన కాజ్‌వే. నాణెం వేస్తే ఇనుప బాతులు వరసగా నడుస్తాయి, రేకు గుర్రాలు పరుగెడతాయి. పిడి పట్టుకుని బలంగా నొక్కితే గంట కొట్టి నీ సత్తా ఎంతో చెప్పే ఎలుగుబంటి కూడా ఉంది. ఒక్కదానికీ తెర లేదు, తెలివితేటలు లేవు. అన్నీ పళ్లచక్రాలు, స్ప్రింగులు, తోలు పట్టీలు. మా తాతల కాలంలో సరస్సుల ఒడ్డున జనం ఆడిన ఆటలు. కాజ్ దాన్ని గేమ్‌రూమ్ అనేవాడు. నేను పాత ఇనుము కొట్టు అనేదాన్ని. మా అమ్మ ఏమనేదో ఇక్కడ రాయలేను.

కాజ్‌ది బీరు ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం. రోజంతా యంత్రాలు బాగుచేసి అలిసిపోయి ఇంటికొచ్చి, విశ్రాంతి కోసం యంత్రాలు బాగుచేసేవాడు. మా మిల్వాకీ నగరపు సౌత్ సైడ్‌లో ఇంతకంటే చెడ్డ అలవాట్లున్న మొగుళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. ఆ ఏడాది మార్చి దాకా.

మార్చిలో ఒక శనివారం కాజ్, అతని స్నేహితుడు నార్బర్ట్ ఒక పొడుగాటి పెట్టెను మోసుకుంటూ వెనక తలుపులోంచి వచ్చారు. పెట్టె మీద కప్పిన గోనె జారింది. లోపల గాజు వెనక ఒక మనిషి కూర్చుని ఉంది.

"ఎవరిదా శవం?" అన్నాను.

"శవం కాదు లెనీ, జోస్యం చెప్పే ముసలమ్మ!" అన్నాడు కాజ్, కవలలు పుట్టిన తండ్రిలా వెలిగిపోతూ. "నాణెం వేస్తే ఊపిరి పీలుస్తుంది, తల తిప్పుతుంది, నీ జాతకం అచ్చేసిన కార్డు ఇస్తుంది. మూసేసిన పార్కు షెడ్డులో దొరికింది. ఇలాంటివి ఇంక రావు."

"ముక్కేది?"

"అది కొంచెం జారింది."

కొంచెం కాదు. ఎన్ని వేసవులు ఆ రేకుల షెడ్డులో ఉడికిందో, మైనం ముఖమంతా కరిగి కిందికి దిగింది. ముక్కు పైపెదవి మీద కూర్చుంది. ఒక కనుబొమ్మ చెంప మీద ఆగిపోయింది. గడ్డం మెడలో కలిసిపోయింది. జుట్టు ఎలుకలు తిన్నాయి. అప్పుడే పన్ను పీకించుకుని వచ్చిన మా మేనమామలా ఉంది.

ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై లెంట్ రోజులూ కాజ్ కిందే గడిపాడు. మోటారు విప్పి కడిగాడు. తలను తిప్పే చక్రం అరిగిపోతే ఫ్యాక్టరీలో కొత్తది చేసుకొచ్చాడు. ముసలమ్మ ఛాతీ లోపల కొలిమితిత్తిలాంటి చిన్న తోలుతిత్తి ఉంటుంది, ఊపిరి దానిదే. అది పగిలిపోయింది. కాజ్‌కి మెత్తటి తోలు కావలసివచ్చింది. నా మంచి హ్యాండ్‌బ్యాగు కోసం వారం రోజులు ఇల్లంతా వెతికాక ఒకనాడు ముసలమ్మ ఊపిరి పీలుస్తుంటే అనుమానమొచ్చి పెట్టె వెనక తలుపు తీశాను. నా బ్యాగు పైకీ కిందికీ ఆడుతోంది.

"బాగా పనికొచ్చింది లెనీ. మేలురకం తోలు," అన్నాడు కాజ్, నన్ను మెచ్చుకుంటున్నట్టు.

అన్నీ కుదిరాయి, ముఖం తప్ప. దాన్ని నా జుట్టారబెట్టుకునే మిషన్‌తో వేడిచేసి సరిదిద్దబోయాడు. అంతకుముందు మేనమామలా ఉన్నది, ఎన్నికల్లో ఓడిన మేనమామలా తయారైంది.

అప్పుడు గుర్తొచ్చాడు ఫ్లోరియన్. కాజ్‌తో కలిసి బౌలింగ్ ఆడతాడు, బరువైన బంతి దొర్లించి చెక్క పిన్నులు పడగొట్టే ఆట. వాళ్లది మూడు తరాల వ్యాపారం: మా చర్చిలో ఎవరు పోయినా వాళ్లని ముస్తాబు చేసి, పెట్టెలో పడుకోబెట్టి, అందరికీ చూపించి, సమాధి దాకా సాగనంపేది ఫ్లోరియన్ కుటుంబమే. ప్రమాదాల్లో చెడిపోయిన ముఖాలను మైనంతో తిరిగి చేయడంలో అతనిది గొప్ప చెయ్యి అని చెప్పుకునేవారు. చేయించుకున్నవాళ్లెవరూ చెప్పలేదనుకోండి.

కాజ్ తలను విప్పి, గాజుకళ్లు తీసి జేబులో వేసుకుని, తలను బౌలింగ్ బంతి సంచిలో పెట్టుకుని ఆట హాలుకి వెళ్లాడు. అక్కడ నార్బర్ట్ తన సంచి అనుకుని దాన్ని తీసి, చూడకుండా చెయ్యి పెట్టాడు. మూడు కన్నాల్లో వేళ్లు దూర్చి బంతి పట్టుకునే అలవాటు కొద్దీ రెండు వేళ్లు కళ్లలోకీ, బొటనవేలు నోట్లోకీ పోయాయి. పైకెత్తి చూసుకున్నాడు. ఆ సాయంత్రం నార్బర్ట్ ఎంత గట్టిగా దేవుణ్ణి తలుచుకున్నాడంటే పక్క వరసలో ఆడుతున్న, ఆ అలవాటే లేని లూథరన్ చర్చివాళ్లు కూడా సిలువ గుర్తు వేసుకున్నారట.

ఫ్లోరియన్ మాత్రం తలను తిప్పి తిప్పి చూసి, "ఫోటో ఏది?" అన్నాడు.

"ఏ ఫోటో?"

"ఫోటో లేకుండా నేను ముఖం చెయ్యను కాజ్. ఇంట్లోవాళ్లు ఇస్తారు, దాన్ని చూసి చేస్తాను. లేకపోతే పూలన్నీ పెట్టాక 'ఈయనెవరు, మా నాన్న కాదే' అంటారు."

"దీనికి ఇల్లూ లేదు, వాళ్లూ లేరు. ఏదో ఒక ముసలమ్మని చెయ్యరా బాబూ."

"నాకు తోచినట్టు చేస్తాను. తర్వాత నన్ననకు."

మే నెలలో ఒక శనివారం ఫ్లోరియన్ తలను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. నేను దుప్పట్లు మడత పెడుతున్నాను. కాజ్ తలను మెడ మీద బిగించి, కళ్లు సర్ది, తువ్వాలు తీశాడు.

నా చేతిలో దుప్పటి జారిపోయింది. గాజు వెనక మా అమ్మ కూర్చుని ఉంది.

పోలిక అంటే ఏదో ఉజ్జాయింపు పోలిక కాదు. సాసరు లేకుండా బల్ల మీద కప్పు పెట్టినప్పుడు అమ్మ ఎలా చూస్తుందో, సరిగ్గా ఆ చూపు. ఎడమ కనుబొమ్మ ఒక పిసరు పైకి. మా అమ్మ అప్పటికి బతికే ఉందని మీకు చెప్పాలి. అక్కడికి మూడు వీధుల అవతల నిక్షేపంగా ఉంది. ఆ పూటే ఫోన్ చేసి నా వంటని తిట్టింది.

"ఫ్లోరియన్, ఇది మా అమ్మ," అన్నాను.

"అలా అనిపిస్తోందా? అయితే బాగా వచ్చినట్టే," అన్నాడు సంబరంగా. నా ముఖం చూసి సంబరం తగ్గించాడు. "మరి ఫోటో లేకపోయె. నా దగ్గర మీ అమ్మగారిది ఉంది కదా."

"మా అమ్మ ఫోటో నీ దగ్గరెందుకుంది?"

"ఆవిడ వచ్చి తన అంత్యక్రియలకి అన్నీ ముందే ఖాయం చేసుకుని వెళ్లారుగా. పెట్టె, పూలు, పాటలు. నీకు చెప్పలేదా?" చెప్పలేదని నన్ను చూస్తే తెలిసిపోతోంది. అతను తల గోక్కున్నాడు. "లెనీ, నిజం చెప్తున్నా, మీ అమ్మగారంటే నాకు భయం. పోయాక కూడా నా పనిలో తప్పులు పడతారని భయం. ముందోసారి చేసి చూసుకుంటే మంచిదనిపించింది."

నేను పైకి వెళ్లి, ఎవరికీ అక్కర్లేని బంగాళాదుంపలకు చెక్కు తీస్తూ కూర్చున్నాను. అమ్మకు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఆవిడ ఏం తిన్నదీ తెలుసు, ఏ మోకాలు నొప్పిగా ఉందీ తెలుసు. తన పెట్టె తానే ఎంచుకుని వచ్చిందని తెలీదు. ఏ కోటు వేసుకుని వెళ్లిందో, బస్సులో వెళ్లిందో, వచ్చాక నాతో మామూలుగా కబుర్లు చెప్పిందో. చెప్పే ఉంటుంది.

కాజ్ మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తల తీసేద్దామా?"

"ఎవరి తల?" అన్నాను, చేతిలో కత్తితో. వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం. చర్చిలో పూజ కాగానే అమ్మ మా ఇంటికి భోజనానికి వస్తుంది. వచ్చి, భోజనానికి ముందు కిందికి దిగి రేకు గుర్రాల ఆటలో కాజ్‌ని ఓడిస్తుంది. అది ఆవిడ వారానికోసారి చేసే వ్యాయామం. కాజ్ ముసలమ్మ పెట్టె మీద దుప్పటి కప్పాడు. ఒక పందెం అయ్యాక అమ్మ దాన్ని చూసింది.

"దాని కిందేముంది?"

"రంగు ఆరలేదు అత్తయ్యా."

"రంగు ఆరకపోతే దుప్పటి కప్పుతారా అల్లుడూ? నీకు ఉద్యోగం ఇచ్చినవాడెవడు?" అంటూ లాగేసింది.

మేమిద్దరం గోడకి ఆనుకున్నాం. అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. గాజుకి ముక్కు ఆనించి చూసింది. లోపలిది బయటిదాన్ని చూసింది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

"నాణెం ఇయ్యి."

కాజ్ ఇచ్చాడు. ముసలమ్మ ఛాతీ పైకి లేచింది, తల తిరిగింది, చెయ్యి కార్డుల మీద గాల్లో కదిలింది. కార్డు జారింది. అమ్మ పైకి చదివింది: "త్వరలో నీటి మీద ప్రయాణం. పొడవాటి పురుషుడు నీ కోసం ఎదురుచూస్తున్నాడు." కార్డుని చింపి కాజ్ జేబులో పెట్టింది. "నా నోటితో ఇలాంటి చెత్త వాగిస్తావా? ఫ్లోరియన్‌ని పిలు. ఇప్పుడే. పెదాలకు నేను చెప్పిన రంగు వెయ్యలేదు వాడు."

ఫ్లోరియన్ ఆదివారపు సూటులో, పనిముట్ల పెట్టెతో వచ్చాడు. అమ్మ గాజుపెట్టె పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఇదెవరు?"

"మీరేనండీ."

"నేనెప్పుడైనా ఇలా నవ్వానా?"

"ఫోటోలో కొంచెం..."

"ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు, నవ్వాను. నీ దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వాల్సిన పనేం ఉంటుంది? తీసెయ్."

ఫ్లోరియన్ చిన్న బద్దతో నవ్వు చెక్కేశాడు. తర్వాత చెంపలు. పదహారేళ్ల పిల్లలా ఎర్రగా ఉన్నాయంది, తగ్గించాడు. చెవులు పెద్దవి చేశాడంది. అతను అద్దం తెచ్చి చూపించాడు, ఆ సంగతి అక్కడితో వదిలేసింది. తర్వాత కాజ్ వంతు.

"అదేమిటి, మెట్లెక్కినట్టు రొప్పుతోంది? నేను రొప్పను."

కాజ్ మోటారు చక్రం మార్చి ఊపిరి నెమ్మదింపజేశాడు. పెట్టెలో ఛాతీ నింపాదిగా లేచింది, దిగింది. పక్కన అమ్మ ఛాతీ కూడా అలాగే లేచింది, దిగింది. నేను చూడలేకపోయాను.

"ఇంక చాలు!" అని అరిచాను. "పెట్టె కొనుక్కున్నావు, పాటలు ఎంచుకున్నావు. నాకొక్క మాట చెప్పలేదు."

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏడ్చేదాన్ని."

"అందుకే చెప్పలేదు. నీకు వదిలేస్తే ఏడుస్తూ లిల్లీలు పెట్టిస్తావు. లిల్లీలకి నాకు తుమ్ములొస్తాయి."

"అప్పుడు తుమ్ములేమిటమ్మా?"

"అలవాటు ఎక్కడికి పోతుంది?" అంది అమ్మ. తర్వాత చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ తీసి నాకిచ్చింది. "నువ్వు వెయ్యి. ఫ్లోరియన్ చెయ్యి బరువు."

గాజు తలుపు తీసి వంగాను. లిప్‌స్టిక్ ఆ పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది. అమ్మ లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది, ఉల్లిపాయల వాసన వేస్తోంది. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించినట్టే, ఆ మైనపు పెదాల మీద ఇద్దరం కలిసి రంగు దిద్దాం.

"కొసల దాకా వద్దు," అంది. "కొసల దాకా వేసుకునేది మన చర్చిలో ఆ బెర్నీస్."

ఆ మాటకి నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది. అమ్మ రుమాలిచ్చింది. ఫ్లోరియన్ మర్యాదగా అటు తిరిగి, ఆట తుపాకీతో ఇనుప బాతుల్ని కాల్చాడు.

పాత కార్డులన్నీ అమ్మ చెత్తబుట్టలో వేయించింది. కొత్తవి తానే చెప్పి రాయించింది, కాజ్ అచ్చు వేయించాడు. జులైలో చర్చివాళ్లందరినీ గేమ్‌రూమ్‌కి పిలిచాం. జనం మెట్ల మీద వరస కట్టారు. నార్బర్ట్‌కి "పెళ్లి సంగతి తర్వాత, ముందు స్నానం చెయ్యి" అని వచ్చింది. ఒకావిడకి "నువ్వడగబోయేదానికి జవాబు: వద్దు" అని వచ్చింది. ఫాదర్‌గారు తన కార్డు చదువుకుని జేబులో దాచేసుకున్నారు కానీ, ఆ తర్వాతి ఆదివారం ప్రసంగం బాగా పొట్టిగా ముగిసింది. తిట్లు తిన్నవాళ్లంతా మళ్లీ నాణేలు తీసి వరస చివర నిలబడ్డారు.

అయితే ఆడవాళ్ల కళ్లు కార్డుల మీద లేవు, అమ్మ ముఖం మీద ఉన్నాయి. మైనపు ముఖం మీద. ఆగస్టులో ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ వంటింట్లో ఉండగా ఫ్లోరియన్ వెనక తలుపు కొట్టాడు. కూర్చోబెట్టి కాఫీ, కేకు పెట్టాం. కోటు జేబులోంచి ఫోటోల కట్ట తీసి బల్ల మీద పరిచాడు.

"చూడండి నా ఖర్మ. చర్చి ఆడవాళ్లంతా వరసగా వచ్చి ఫోటోలు ఇచ్చిపోతున్నారు, తమకీ ముందే చేసి చూపించమని. ఒక్కరూ ముప్ఫై దాటిన ఫోటో ఇవ్వలేదు. ఇదిగో బెర్నీస్ గారిది, పెళ్లి ఫోటో! ఆవిడకి ఎనభై మూడు. నేను శవాల పని చేస్తాను, మహిమలు చెయ్యను."

అమ్మ ఆ పెళ్లిఫోటోని దూరంగా పట్టుకుని చూసింది.

"ఎందుకు బెంగ? ఇలాగే చేసెయ్. నచ్చలేదని చెప్పడానికి ఆవిడ లేవదుగా."

ఫ్లోరియన్ ఫోటో వెనక్కి తీసుకున్నాడు.

"ఆవిడ లేవరు," అన్నాడు. "మీరు లేస్తారండీ."

అమ్మకి ఆ మాట ఎంత నచ్చిందంటే, అతని పళ్లెంలో ఇంకో కేకు ముక్క వేసింది. నా వాటాది.